తలనొప్పికి కారణం గ్యాసే, కానీ కడుపులోది కాదు

ప్రశ్న: నమస్కారం అండీ. అన్నవరం దగ్గర హైవే పక్కన నేనూ మా ఆయనా టాటా ఏస్ మీద టిఫిన్ బండి నడుపుతున్నాం. రాత్రి పదింటి నుంచి తెల్లారి ఏడు దాకా ఉంటాం. లారీవాళ్లు, కొండకి వచ్చే భక్తులు మా గిరాకీ. మూడు వారాల కిందట పెట్రోలు మీదా గ్యాసు మీదా నడిచే జనరేటర్ కొన్నాం. ప్లేటు మీద పెట్రోలుకి 3000 వాట్లు, గ్యాసుకి 2700 అని ఉంది. దింపితే ఎవరైనా ఎత్తుకుపోతారని బండి వెనక మూలనే ప్లైవుడ్ అడ్డం పెట్టి నడుపుతున్నాం. వెనక తలుపు తీసే ఉంటుంది, వాన వస్తే మాత్రం బరకం దించుతాం. పెట్రోలు మీద ఒక్క లాగుకి అందుకుంటుంది. గ్యాసు మీద తెల్లవారుజామున అసలు స్టార్ట్ అవదు. ఒకవేళ స్టార్ట్ అయినా, ఇండక్షన్ స్టవ్ మీద ఏదైనా ఉన్నప్పుడు మిక్సీ వేస్తే ఆగిపోతుంది. స్టార్ట్ చేసే సరైన పద్ధతి చెప్పండి. ఇంకోటి, మా మరిది మధ్యలో ఖాళీ దొరికితే ముందు క్యాబిన్‌లో దోమలకి అద్దాలు ఎక్కించుకుని పడుకుంటాడు. వారం రోజులుగా తలనొప్పి, వికారం అంటున్నాడు. నిద్ర లేక గ్యాస్ పట్టిందని మాత్రలు వేసుకుంటున్నాడు. జనరేటర్ చప్పుడుకి ఇలా అవుతుందా?

జవాబు: అమ్మా, మీరు "ఇంకోటి" అంటూ చివర్లో అడిగిన దానికి ముందు జవాబు చెప్తాను. స్టార్టింగు సంగతి ఒక పూట ఆలస్యమైనా మునిగేదేం లేదు. ఈ రాత్రి నుంచే, జనరేటర్ నడుస్తున్నంతసేపూ మీ మరిదిని ఆ క్యాబిన్‌లో పడుకోనివ్వకండి. అసలు దాన్ని బండిలోంచి దింపేదాకా తాడు కూడా లాగకండి. ఒక రాత్రి బేరం పోతే పోనివ్వండి.

మనవాళ్లకి తలనొప్పి, వికారం, తల తిరగడం ఏది వచ్చినా "గ్యాస్" అనేస్తాం. మీ మరిది విషయంలో ఆ మాట నిజమేనని నా అనుమానం, కాకపోతే ఆ గ్యాస్ కడుపులోది కాదు, జనరేటర్ సైలెన్సర్‌లోంచి వస్తున్నది. దాని పేరు కార్బన్ మోనాక్సైడ్. రంగుండదు, వాసనుండదు, కళ్లు మండవు, దగ్గు రాదు. మన రక్తంలో ఆక్సిజన్‌ని మోసుకెళ్లే హిమోగ్లోబిన్‌కి ఆక్సిజన్ మీద కంటే దీని మీద మోజు 200 రెట్ల పైమాటే. ఒకసారి అంటుకుందంటే తొందరగా వదలదు. మనిషి ఊపిరి తీస్తూనే ఉంటాడు, ఒంటికి మాత్రం ఆక్సిజన్ అందదు. మొదట తలనొప్పి, తర్వాత వికారం, తర్వాత మత్తు. పడుకున్నవాడికి ఆ మత్తుకీ నిద్రకీ తేడా తెలియదు. అదీ భయం.

గ్యాసు మీద నడిపితే నల్ల పొగ కనిపించదు కాబట్టి ప్రమాదం లేదనుకునేవాళ్లు చాలామంది ఉన్నారు. మసి తగ్గుతుంది, నిజమే. కార్బన్ మోనాక్సైడ్ మాత్రం పెట్రోలు మీదా వస్తుంది, గ్యాసు మీదా వస్తుంది. చోక్ వేసి ఉంచితే ఇంకా ఎక్కువ వస్తుంది. వెనక తలుపు తీసి ఉందన్నారు. గాలి అటు నుంచి ఇటు కొడితే ఆ తలుపులోంచి బయటికి పోవాల్సిన పొగే లోపలికి తిరిగొస్తుంది. ప్లైవుడ్‌కీ రేకుకీ మధ్య సందులు, నేల పలకల మధ్య సందులు, క్యాబిన్ వెనక అద్దం చుట్టూ ఉన్న రబ్బరు, ఇవన్నీ దానికి దారులే. వాన పడినప్పుడు మీరు దించే బరకం సంగతి వేరే చెప్పాలా?

2024 డిసెంబరులో కేరళలో, కోజికోడ్ జిల్లా వడకర దగ్గర రోడ్డు పక్కన ఆపి ఉన్న ఒక కారవాన్‌లో ఇద్దరు మనుషులు చనిపోయి కనిపించారు. ఏసీ కోసం జనరేటర్ వేసుకుని తలుపులు మూసుకున్నారు. తర్వాత కాలికట్ ఎన్‌ఐటీ నిపుణులు అదే బండిలో అదే జనరేటర్ నడిపించి కొలిచారు. బండి అడుగున ఉన్న సందులోంచి పొగ లోపలికి వస్తోందని తేలింది. రెండు గంటల్లోనే కార్బన్ మోనాక్సైడ్ 900 పీపీఎం, అంటే పది లక్షల పాళ్ల గాలిలో 900 పాళ్లు, దాటింది. బయట రోడ్డు మీద జనం తిరుగుతూనే ఉన్నారు, బండి ఆగి ఉందనుకున్నారు తప్ప చాలాసేపటి దాకా ఎవరికీ అనుమానం రాలేదు.

నా సంగతీ చెప్తాను, సిగ్గుపడాల్సిన సంగతే. పెళ్లిళ్లకీ ఊరేగింపులకీ జనరేటర్లు అద్దెకిచ్చే రోజుల్లో మాదంతా పెట్రోలుతో స్టార్ట్ చేసి కిరసనాయిలుకి తిప్పే సెట్లే. అప్పట్లో రెండు ఇంధనాల జనరేటర్ అంటే అదే. ఆపేముందు మళ్లీ పెట్రోలుకి తిప్పి కాసేపు నడపాలి, లేకపోతే కార్బొరేటర్‌లో కిరసనాయిలు నిలిచిపోయి మర్నాడు చేతులు పడిపోయేదాకా తాడు లాగినా కదలదు. ఇంధనం మార్చే కాక్ తిప్పడానికి సెట్ పక్కన ఒక కుర్రాణ్ణి కూర్చోబెట్టేవాళ్లం. ఒక వినాయక నిమజ్జనానికి వాన పట్టుకుంది. వ్యాన్‌లో సెట్ తడుస్తుందని నేనే బరకం కప్పాను, కుర్రాడితో సహా. గంట తర్వాత వాడు మాట తడబడుతూ, తూలుతూ దిగాడు. మేమందరం తాగాడనుకున్నాం. తిట్టాం కూడా. వాడు రోడ్డు పక్కన కూలబడి వాంతి చేసుకుంటే అప్పుడు ముసలాయన ఒకాయన, "ఒరేయ్, వీడి నోరు వాసన చూశారా ఎవరైనా?" అన్నాడు. వాడు చుక్క ముట్టలేదు. చల్లగాలి తగిలి బతికాడు కాబట్టి ఈ ఉత్తరానికి జవాబు రాయగలుగుతున్నాను.

మీ మరిదిని ఒకటి అడగండి. బండి పెట్టని రోజు ఇంటి దగ్గర ఉంటే తలనొప్పి తగ్గుతోందా? మీకూ మీ ఆయనకీ కూడా తెల్లారేసరికి తల బరువుగా ఉంటోందా? అవునంటే ఇక చెప్పక్కర్లేదు. ఏదైనా సరే, ఆసుపత్రికి తీసుకెళ్లి "జనరేటర్ పొగ దగ్గర వారం రోజులు పడుకున్నాడు" అని డాక్టరుకి ఆ మాటే చెప్పండి. కరోనా రోజుల్లో కొన్న పల్స్ ఆక్సీమీటర్ వేలికి పెట్టి 98 చూపిస్తోంది కదా అని ఊరుకోకండి. ఆ మిషన్ రక్తంలో ఆక్సిజన్ పట్టుకున్న హిమోగ్లోబిన్‌కీ ఈ విషం పట్టుకున్న హిమోగ్లోబిన్‌కీ తేడా కట్టలేదు. మనిషి సొమ్మసిల్లుతున్నా అది బాగానే ఉందంటుంది. దీనికి వేరే రక్తపరీక్ష ఉంది, డాక్టరు రాస్తారు.

ఇక జనరేటర్ ఎక్కడ పెట్టాలి? నేల మీద, బండికి కనీసం 20 అడుగుల దూరంలో, సైలెన్సర్ మూతి బండికీ, మీ గిరాకీ కూర్చునే బల్లలకీ, పక్క టీ కొట్టుకీ అటువైపు తిరిగేలా. గాలి వాలు చూసుకోండి, గాలి మారితే సెట్‌ని కూడా తిప్పండి. చదునైన చోటు కావాలి. ఇంజన్‌లో ఆయిలు తగ్గితే దానంతట అదే ఆపేసే సెన్సర్ ఉంటుంది. హైవే వాలు మీద ఒక పక్కకి ఒరిగిన బండిలో పెడితే, ఆయిలు నిండా ఉన్నా ఒక మూలకి చేరి సెన్సర్ లేదనుకుంటుంది. ఇంజన్ స్టార్ట్ అవకపోవడానికి అది కూడా ఒక కారణం కావచ్చు.

సైలెన్సర్‌కి ఫ్లెక్సిబుల్ పైపు బిగించి పొగని కిటికీలోంచి బయటికి వదలొచ్చని మీకు ఎవరో ఒకరు చెప్తారు. వినకండి. ఆ క్లాంపులు అదురుకి నాలుగు రోజుల్లో వదులవుతాయి, పైపు కాలి చిల్లులు పడుతుంది, సైలెన్సర్ వేడికి ప్లైవుడ్ అంటుకుంటుంది. బండి లోపల నడపడానికి ఈ చేత్తో మోసే సెట్లని తయారు చేయలేదు.

దొంగల భయం అన్నారు. నాకు తెలిసి జనం వందకి తొంభైమంది జనరేటర్‌ని బండిలోనే ఉంచేది దీనికే. సెట్ ఫ్రేములోంచి మందపాటి గొలుసు దూర్చి దగ్గర్లోని చెట్టుకో సిమెంటు స్తంభానికో తాళం వేయండి. కరెంటు స్తంభానికి మాత్రం వద్దు. పైన ఒక బల్బు వేలాడదీయండి, మీ కళ్ల ఎదురుగానే ఉంటుంది. రోజూ దింపి ఎక్కించడానికి చక్రాల కిట్టు, రెండు గట్టి చెక్క పలకలు చాలు. ఇద్దరు పట్టాల్సిన బరువు, ఒక్కరే ఎత్తి నడుం పట్టించుకోకండి. ఎక్కించేముందు అరగంటైనా చల్లారనివ్వండి. వానకి నాలుగు కర్రలు పాతి పైన రేకు వేయండి, నాలుగు పక్కలా ఖాళీ ఉండాలి. బరకం కప్పడం మాత్రం ఇక మర్చిపోండి.

ఇంత చేశాక కూడా బండిలో ఒక కార్బన్ మోనాక్సైడ్ అలారం పెట్టుకోండి, బ్యాటరీతో నడిచేది. ఆన్‌లైన్‌లో దొరుకుతుంది. కొనేటప్పుడు పేరు సరిగ్గా చదవండి. వంటగ్యాసు లీకు పట్టే అలారం వేరు, ఇది వేరు. ఒకదాని పని ఇంకొకటి చేయదు. వంటగ్యాసు గాలికన్నా బరువు, నేలబారున పారుతుంది కాబట్టి దాని అలారం కింద పెడతారు. కార్బన్ మోనాక్సైడ్ గాలిలో కలిసిపోతుంది కాబట్టి దీన్ని మనిషి తల ఎత్తులో పెట్టాలి. అలారం ఉంది కదా అని సెట్ మళ్లీ బండెక్కించారో, అది కొనడమే దండగ.

సరే, స్టార్టింగు. ముందు సెట్ మీద కరెంటు బయటికిచ్చే స్విచ్చి ఆపి, సెట్‌కి పెట్టిన అన్ని ప్లగ్గులూ తీసేయండి. ఇంజన్‌కి లోడు పెట్టి తాడు లాగకూడదు. ఆయిలు గీత దాకా ఉందో లేదో పుల్ల తీసి చూడండి. గ్యాసు మీద స్టార్ట్ చేయాలంటే పెట్రోలు కాక్ పూర్తిగా మూసి ఉండాలి. ఇక్కడే మీకు తేడా వస్తోందని నా లెక్క. నిన్న పెట్రోలు మీద నడిపి అలాగే ఆపేస్తే కార్బొరేటర్ గిన్నెలో పెట్రోలు మిగిలిపోతుంది. దాని మీద గ్యాసు కూడా వస్తే రెండూ కలిసి మోతాదు మించి, ఇంజన్‌లోని స్పార్క్ ప్లగ్గు తడిసిపోతుంది. అందుకని పెట్రోలు మీద నడిపిన రోజు ఆపేటప్పుడు, కాక్ మూసేసి, దానంతట అది పెట్రోలు తాగేసి ఆగేదాకా వదిలేయండి. నడుస్తుండగా ఒకదాన్నుంచి ఇంకోదానికి మార్చడం కొన్ని సెట్లకి కుదురుతుంది, కొన్నింటికి ఆపి మార్చాలి. మీ సెట్‌తో వచ్చిన పుస్తకం చూడండి. రెండూ ఒకేసారి తెరవడం మాత్రం ఏ సెట్‌కీ పనికిరాదు.

తర్వాత సిలిండర్ వాల్వు మెల్లగా తెరవండి. మీ పుస్తకంలో గ్యాసుకి చోక్ వేయమని ఉంటే వేసి, తాడు రెండు మూడుసార్లు నిదానంగా లాగండి. పైపులో ఉన్న గాలి పోయి గ్యాసు ఇంజన్ దాకా రావాలి కదా. ఆ తర్వాత ఒక్క ఊపున లాగండి. అందుకోగానే చోక్ కొంచెం కొంచెంగా వెనక్కి తీసేయండి. రెండు మూడు నిమిషాలు ఊరికే నడవనిచ్చి అప్పుడు కరెంటు స్విచ్చి వేయండి. ముందు ఫ్రిజ్, అది కుదురుకున్నాక మిగతావి ఒక్కొక్కటిగా. ఐదారుసార్లు లాగినా అందుకోక గ్యాసు వాసన వస్తుంటే ఆపేయండి. సిలిండర్ మూసి, వాసన పూర్తిగా పోయేదాకా దూరంగా ఉండండి. ఆపేటప్పుడు ముందు సిలిండర్ వాల్వు కట్టండి. పైపులో ఉన్న గ్యాసు కాలిపోయి ఇంజన్ ఆగుతుంది, అప్పుడు ఇంజన్ స్విచ్చి ఆఫ్ చేయండి.

తెల్లవారుజామున మొరాయించడానికి ఇంకో కారణం ఉంది. ఈసారి స్టార్ట్ అవనప్పుడు సిలిండర్ కింది సగం మీద చెయ్యి పెట్టి చూడండి. మంచు ముక్కలా ఉండి పైన నీటి బొట్లు పట్టి ఉంటాయి. లోపల ద్రవంగా ఉన్న గ్యాసు ఆవిరయ్యేటప్పుడు ఆ వేడిని సిలిండర్ నుంచే లాక్కుంటుంది. రాత్రంతా అదే సిలిండర్ మీద అట్ల పొయ్యి, జనరేటర్ రెండూ నడిపితే, తెల్లారేసరికి అడుగున కొంచెమే మిగిలి, చల్లబడి, ఒత్తిడి పడిపోతుంది. జనరేటర్‌కి వేరే సిలిండర్ పెట్టండి. కొందరు వేడినీళ్లు పోస్తారు, ఇంకొందరు పడుకోబెడతారు. ఈ రెండూ చేయకండి. పడుకోబెడితే ఆవిరికి బదులు ద్రవమే రెగ్యులేటర్‌లోకి పోతుంది, అది మంటలతో చెలగాటం.

సిలిండర్ నిలబెట్టి, బండికి బయట, జనరేటర్‌కి పది అడుగులైనా ఎడంగా ఉండాలి. హైవే పక్కన కాలవ, గుంట ఉంటుంది చూడండి, అటువైపు వద్దు. లీకయిన గ్యాసు నీళ్లలా పల్లానికి పోయి అక్కడే కూర్చుంటుంది. పైపు ఐఎస్‌ఐ గుర్తు ఉన్న సురక్షా పైపు వాడండి, సైలెన్సర్‌కి తగలకుండా చూడండి. వారానికోసారి సబ్బునీళ్లు రాసి బుడగలు వస్తున్నాయేమో చూడండి. ఎక్కువ ఒత్తిడితో గ్యాసు వదిలే భట్టీ రెగ్యులేటర్లు తగిలించకండి, సెట్‌కి ఏది వాడమని చెప్పారో అదే. మీరు ఇంట్లో వాడే 14.2 కిలోల ఎర్ర సిలిండరే తెస్తున్నారేమో, దాన్ని వ్యాపారానికి వాడటం చట్టప్రకారం తప్పు. 19 కిలోల కమర్షియల్ సిలిండర్ తీసుకోండి. వాసన గుప్పుమంటే ఏ స్విచ్చీ వేయొద్దు, తీయొద్దు, బండి తాళం తిప్పొద్దు. వాల్వు కట్టి, దూరం జరిగి 1906కి ఫోన్ చేయండి.

పెట్రోలు పోసేటప్పుడు ఇంజన్ ఆపి, చల్లారాకే పోయండి. డబ్బాని బండిలో పెట్టి నింపకుండా కింద నేల మీద పెట్టి నింపండి. పక్కన అట్ల పొయ్యి వెలుగుతోందన్న సంగతి మీకు వేరే గుర్తు చేయను.

మిక్సీ వేయగానే ఆగిపోవడం కేవలం కూడిక లెక్క. ఇండక్షన్ 2000, మిక్సీ 750, లైట్లు, ఫ్రిజ్ అన్నీ కలిపి గ్యాసు మీద ఇవ్వగలిగే 2700 దాటిపోతున్నారు. పైగా మోటారు కదిలే క్షణంలో దాని ప్లేటు మీద ఉన్నదానికి రెండు మూడు రెట్లు లాగుతుంది. పెట్రోలు మీద ఉన్న ఆ 300 వాట్ల తేడాతో ఎలాగో గట్టెక్కుతోంది. అసలు గ్యాసు పొయ్యి పక్కనే పెట్టుకుని, ఆ గ్యాసుని ఇంజన్‌లో కాల్చి, కరెంటు చేసి, దాంతో ఇండక్షన్ మీద పాలు కాచడం ఏమిటమ్మా? పెరట్లో బావి ఉండగా ఏటికి పోయి నీళ్లు తెచ్చుకున్నట్టుంది. ఇండక్షన్ ఇంట్లో పెట్టేయండి. మిగతా లోడు హాయిగా నడుస్తుంది, గ్యాసూ మిగులుతుంది.

కరెంటు విషయంలో ఒక్కటి మాత్రం మీరే చేసుకోకుండా లైసెన్సున్న ఎలక్ట్రీషియన్‌ని పిలవండి. పిండి తడి చేతులు, కడిగిన నేల, చుట్టూ రేకు. ఏ వైరు ఒరుసుకుపోయి రేకుకి తగిలినా, బండికి ఆనుకుని ఇడ్లీ తింటున్నవాడికి షాక్ కొడుతుంది. కరెంటు లీకైతే వెంటనే పడిపోయి సరఫరా ఆపేసే స్విచ్చి, 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ, పెట్టించండి. అయితే చాలా చిన్న జనరేటర్లలో న్యూట్రల్‌ని ఫ్రేముకి కలపరు, అలాంటప్పుడు ఆర్‌సీసీబీ ఉన్నా పడకపోవచ్చు. న్యూట్రల్ ఎలా ఉంది, ఎర్త్ ఎక్కడ కలపాలి అని ఆయన్ని ప్రత్యేకంగా అడిగి, పని చేస్తోందని పరీక్షించి చూపించమనండి. సెట్ నుంచి బండికి మూడు కోర్ల రబ్బరు కేబుల్ ఒకటే ముక్క ఉండాలి, మధ్యలో టేపు చుట్టిన అతుకులు వద్దు. మూడు పిన్నుల ప్లగ్గులో ఒక పిన్ను విరిచేసే అలవాటు మనకుంది, అదీ వద్దు.

దేవుడి దయవల్ల ఆ అవసరం రాకూడదు గానీ, ఎవరైనా క్యాబిన్‌లో లేపినా లేవకపోతే ముందు రెండు తలుపులూ బార్లా తీయండి, జనరేటర్ ఆపండి, మనిషిని బయట గాలిలోకి లాగి 108కి ఫోన్ చేయండి. లోపలే కూర్చుని మొహం మీద నీళ్లు చల్లుతూ ఉండిపోతే మీరూ పడిపోతారు. అంబులెన్స్‌వాళ్లకి జనరేటర్ పొగ అని చెబితే వెంటనే ఆక్సిజన్ పెడతారు.

చివరగా, కొత్త సెట్ అన్నారు. మొదటి ఇంజనాయిలు దాదాపు 20 గంటలకే మార్చాలి, కొత్త ఇంజన్ అరుగుదల పొడి అంతా అందులో ఉంటుంది. మీరు రాత్రికి తొమ్మిది గంటలు నడుపుతున్నారు, కొని మూడు వారాలైంది. పుల్లకి అంటిన ఆయిలు ఇప్పటికే నల్లగా, కిళ్లీ కొట్టు డికాషన్‌లా ఉండి ఉంటుంది. రేపు పొద్దున బండి కట్టేశాక, ఇంజన్ గోరువెచ్చగా ఉండగానే మార్చేయండి.